వేలిముద్ర

మూడో తరగతి పరిసరాల విజ్ఞానం చెప్పేటప్పుడు పిల్లల చేత వంశవృక్షం గీయిస్తాం. చెట్టు బొమ్మ వేసి మొదట్లో తమ పేరు, పైన అమ్మానాన్నల పేర్లు, ఆ పైన తాతా నాయనమ్మల పేర్లు, తెలిస్తే ఇంకా పైవాళ్ళవి రాసుకురావాలి. రెండేళ్ళ కిందట ఒక పిల్లాడు ఏడు తరాలు రాసుకొచ్చాడు. వాళ్ళ తాత దగ్గర పుస్తకం ఉందంట. పల్లె నుంచి వచ్చే ఒక ఆడపిల్ల చెట్టు మాత్రం తాత దగ్గరే ఆగిపోయింది. పై కొమ్మలన్నీ ఖాళీ. "సార్, మాకు పైన ఎవురూ లేరా?" అని అడిగింది.

క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు గానీ జవాబూ చెప్పలేదు. సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. నా చెట్టు కూడా అక్కడే ఆగుతుంది మరి. ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె మాది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. డీఎస్సీ రాసి పంతులునయ్యాను. ఊళ్ళో ఎవరి అబ్బ ఎవరో, ఎవరి ముత్తాత చెరువు తవ్వించాడో అన్నీ చిన్నప్పటి నుంచి విన్నాను. మా ముత్తాత పేరు మాత్రం నాకు తెలీదు.

ఇక్కడే నాకొక సందేహం వచ్చింది. అసలు ఎందుకు వెతకాలి? ఈ దేశంలో 'మీదే వంశం, మీదే గోత్రం' అని అడిగేది మనిషిని తెలుసుకోవడానికి కాదు, వాణ్ణి ఎక్కడ కూచోబెట్టాలో తేల్చుకోవడానికి. వంశం అనేది మా వీపు మీద ఆడిన కర్ర. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టొద్దని మీటింగుల్లో మాట్లాడే నేను, ఇంటికొచ్చి నా పుట్టుక తవ్వుకోవడమేంది? వాళ్ళకొక పుస్తకముంటే మాకూ ఒక పుస్తకం కావాలనా? ఆ రోగమే మాకూ అంటుకోవాలనా?

అయితే అంబేద్కర్ వెతికాడు. అంటరానివాళ్ళెవరు, ఎట్లా అంటరానివాళ్ళయ్యారు అని 1948లో ఏకంగా పుస్తకమే రాశాడు. దాన్ని నందనారుకు, రవిదాసుకు, చోఖామేళాకు అంకితమిచ్చాడు. ఆ ముగ్గురూ ఆయన రక్తబంధువులు కారు. పెద్దల్ని పుట్టుకలోనే కాదు, బతుకులో కూడా వెతుక్కోవచ్చని చెప్పినట్టుంది ఆ అంకితం. తెలంగాణలో మాదిగల ఇళ్ళ ముందు పటం పరిచి జాంబపురాణం చెప్పే దక్కలివాళ్ళున్నారు. అంటే మాకు చరిత్ర లేకపోవడం కాదు. కాగితం లేదు. ఈ రెండూ ఒకటి కావు.

సరే, ముందు సమాధుల దొడ్డికి పోయాను. ఈస్టరు నాడు తెల్లవారుజామున పల్లె మొత్తం కొవ్వొత్తులు పట్టుకుని పోయే చోటది. మా జేజిని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఎనభై ఎనిమిదేళ్ళు ఉంటాయని అంచనా. ఆధార్ కార్డులో మటుకు జనవరి ఒకటో తేదీన పుట్టింది. పల్లెలో సగం మంది ముసలివాళ్ళు ఆ రోజే పుట్టారు.

సిమెంటు సమాధులు, వాటి మీద పేర్లు, వాక్యాలు, అన్నీ ఈ నలభై ఏళ్ళలో వచ్చినవే. అంతకు ముందువాళ్ళకు మట్టిదిబ్బ, దాని మీద ముళ్ళకంప, తలవైపు ఒక రాయి. మూడు వానాకాలాలు పోతే దిబ్బ కుంగిపోద్ది. రాయిని ఎవరో పొయ్యికి తీసుకుపోతారు. జేజి కర్రతో చూపించింది. "ఆ తుమ్మచెట్టు పక్కన మీ తాత నాయన. ఆ యివతల నా పురిటిబిడ్డ." నేల చదునుగా ఉంది. గడ్డి తప్ప ఏమీ లేదు. ఉన్నది ముప్పై సెంట్లు. నూరేళ్ళ పైబడి పల్లెలో చచ్చినోళ్ళంతా అందులోనే. గుంట తవ్వేటప్పుడు పాత ఎముక వస్తే పక్కన పెట్టి, కొత్తవాళ్ళతో పాటే మళ్ళీ కప్పెడతారు. "పాతోళ్ళు కాస్త జరిగి చోటిస్తార్లే అబ్బయ్యా" అంది జేజి. బతికుండగా ఊరు జరిగి చోటిచ్చింది లేదు. చచ్చినాక మావాళ్ళకు మావాళ్ళే ఇచ్చుకోవాలి.

మాకు సమాధి రాయి మీద పేరు నిలబడాలంటే ఒక్కోసారి ఊరు మమ్మల్ని చంపాల్సి వచ్చింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. వాళ్ళని మట్టి చేసిన చోటును రక్తక్షేత్రం అన్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులని విడిచిపెట్టింది. ఆ తీర్పు కాగితం చదివితే చంపినవాడు ఎవడూ లేడు. మట్టి దగ్గరకు పోతే చచ్చినవాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు. కాగితాన్ని నమ్మాలా, మట్టిని నమ్మాలా అన్నది మాకు పుస్తకాల్లో తేలే ప్రశ్న కాదు.

తర్వాత చర్చి రిజిస్టరు. మా వైపు పల్లెలన్నీ అమెరికన్ బాప్టిస్టు మిషను కిందివి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పనిలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. కరువు సాగినన్నాళ్ళూ కూటి కోసం మతంలోకి వచ్చారనే మాట పడగూడదని బాప్తిస్మాలు ఆపాడు. ఆపినా జనం ఆగలేదు. 1878 జులై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అందులో ఎక్కువ మంది మాదిగలే. గంజి కోసం మతం మారారని ఇవాళ్టికీ ఎగతాళి చేస్తారు. వాళ్ళు ఏట్లో మునిగి లేచిన రోజు పేర్లు పుస్తకంలోకి ఎక్కాయి. మమ్మల్ని వెట్టికి తప్ప దేనికీ పేరు పెట్టి పిలవని లోకంలో అది గంజి కంటే పెద్ద సంగతి.

మా సంఘం పాస్టరుగారు కొయ్యపెట్టె తెరిచి పాత పుస్తకం ఇచ్చారు. అసలుది చెదలు తిన్నాక ఎవరో తిరగరాసిన నకలు. మా ఇంటిపేరుతో ఒక మనిషి దొరికాడు. కొత్త పేరు పేతురు. పక్కనే 'పాత పేరు పెంటడు' అని ఉంది. పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద ఒకసారి పడేసి తెచ్చుకుని ఆ పేరు పెట్టేవాళ్ళు. చావుకు కూడా అక్కర్లేనివాడైతే బతుకుతాడని ఆశ. అతని పక్కన 'భార్య' అని ఉంది. ఆమెకు పేరు లేదు. మునిగింది ఇద్దరూ, పుస్తకంలో తేలింది ఒకడే.

పెంటడిని పట్టుకుని రెవిన్యూ రికార్డులకు పోయాను. సమాచార హక్కు చట్టం కింద అర్జీలు పెట్టాను. పంతులు ఉద్యోగం కాబట్టి ఆఫీసులో కుర్చీ చూపించారు. అదే అర్జీ మా నాయన పట్టుకుపోతే వరండాలో నిలబెట్టేవాళ్ళు. రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు గడి ఉంటుంది. ఎవరిదో తేల్చని భూములకు ఆ గడిలో పేరు బదులు వరసగా చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. వాటిని తేల్చడానికి 2017లో చట్టం కూడా చేశారు. ఆ చుక్కలు చూస్తుంటే ఆ పిల్ల చెట్టులో ఖాళీ కొమ్మలు గుర్తొచ్చాయి.

చివరికి పెంటడు దొరికింది ఇనాం రిజిస్టరు నకల్లో. 1858లో పెట్టిన ఇనాం కమిషను ఊరూరా ఇనాం భూములు విచారించి రాయించిన పుస్తకాలవి. ఇంగ్లీషు చేతిరాత. కూడబలుక్కుని చదివాను. 'పెంటిగాడు, వెట్టి.' ఊరికొచ్చిన అధికారి మూటలు మోసినందుకు, టముకు వేసినందుకు, చావు కబురు మోసినందుకు, చచ్చిన గొడ్డును లాగినందుకు ఎకరా ఇరవై సెంట్ల మెట్ట. ఆ గడిలో ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు కూచున్నాను. సంతోషం వచ్చింది. వెంటనే సిగ్గేసింది. గాడు అని రాసినోడి పుస్తకంలో దొరికాడని నేను సంతోషపడుతున్నా.

హాస్టల్లో అట్ట ఊడిపోయిన 'ఏడు తరాలు' చదివినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'కి సహవాసి చేసిన తెలుగు. అమెరికాలో నల్లవాళ్ళు తమ పెద్దల్ని వెతుక్కుంటూ పోతే చాలామందికి 1870 దగ్గర గోడ అడ్డం వస్తుంది. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల్ని విడిగా రాశారు. యజమాని పేరు రాసి, దాని కింద బానిసల వయసు, ఆడో మగో, ఒంటి రంగు. పేరు రాయలేదు. విముక్తి తర్వాత 1870 లెక్కల్లోనే అందరినీ పేర్లతో రాశారు. అంతకు పైకి పోవాలంటే కౌంటీ కోర్టులో యజమాని వీలునామా, ఆస్తి పట్టీ తిరగెయ్యాలి. గుర్రాలకూ పరుపులకూ మధ్య, ధరతో సహా, తమ ముత్తవ్వ దొరుకుతుంది. న్యూయార్కులో 1991లో సర్కారు కట్టడానికి పునాది తవ్వితే నల్లవాళ్ళ పాత శ్మశానం బయటపడింది. వెలికితీసిన 419 మందిని 2003లో మళ్ళీ మట్టి చేశారు. వాళ్ళ పేర్లు ఇప్పటికీ ఎవరికీ తెలియవు. అణిచినోడి లెక్కల పుస్తకంలోనే తమవాళ్ళను వెతుక్కోవాల్సి రావడం మా ఒక్కరి ఖర్మ కాదు.

ఇంతవరకూ నా కథ మీరు ఇంతకు ముందు విన్న కథలాంటిదే. ఇక్కడితో ఆపితే మంచి వ్యాసమయ్యేది. ఆపడానికి వీల్లేకుండా ఒక కాగితం వచ్చింది.

ఊడిగం ఇనాము తర్వాత పట్టా భూమి అయింది. మరి మా చేతుల్లో ఎందుకు లేదు? 'రాయించుకున్నారు నాయినా' అనేవాళ్ళు ఇంట్లో. నేనూ మీటింగుల్లో అదే చెప్పాను. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి దస్తావేజు నకలు తీసుకున్నాను. 1962. ఎనిమిది వందల రూపాయలకు అమ్మకం. కొన్నవాళ్ళకు ఇంటిపేరు, తండ్రి పేరు ఉన్నాయి. సాక్షులకు ఉన్నాయి. రాసిన దస్తూరీకి ఉంది. అమ్మినవాడికి మాత్రం నల్లటి వేలిముద్ర. మా తాతది. ఆ మరక పైన ఒక వాక్యం ఉంది: 'నాకు తోడబుట్టిన వారెవరూ లేరు.'

మా తాతకు అన్న ఉన్నాడు. ఆ ఏడు ఆయన నాగార్జునసాగర్ డ్యాము పనిలో రాళ్ళు మోస్తున్నాడు. ఆయన కొడుకు, అంటే మా పెదనాయన, మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉంటాడు. పొగాకు బ్యారన్లలో పనిచేసి చేసి ఊపిరితిత్తులు పాడైన మనిషి.

జేజిని అడిగాను. తాతకు చదువు రాదు కదా, ఏం రాశారో తెలియకుండానే వేలు వేశాడేమో అని. అట్లా చెబితే బాగుండునని ఆశ. జేజి సూటిగానే చెప్పింది. "చదివి వినిపించార్లే. విన్నాడు. రెండు రోజులు కూడు తిన్లా." ఆ డబ్బు ఏమైందని అడిగాను. "మీ నాయన్ని బోర్డింగులో యేసేదానికి. మిగిలినదాంట్లో ఒక బర్రెను కొన్నాం."

మా నాయన ఆ బోర్డింగులో పది పాసయ్యాడు. పది పాసయ్యాడు కాబట్టి సాంఘిక సంక్షేమ హాస్టల్లో కమాటి పని వచ్చింది. నెలజీతం వచ్చింది కాబట్టి నేను బీఎస్సీ, బీఈడీ చదివాను. నా డిగ్రీ కింద ఒక వేలిముద్ర ఉంది. ఆ వేలిముద్ర కింద ఒక మనిషిని లేడని రాశారు.

ఒక మిత్రుడికి చూపించాను. ఉద్యమంలో పాతికేళ్ళ నుంచి ఉన్నవాడు, నాకు అన్నలాంటోడు. "ఇది రాయబాకు తమ్ముడూ. వాళ్ళ చేతికి కత్తి ఇచ్చినట్టవుద్ది. మీలో మీరే తిన్నారు, మమ్మల్నెందుకంటారంటారు" అన్నాడు. ఆయన భయం ఉత్తిది కాదు. ఇట్లాంటి ఒక్క మాట దొరికితే చాలు, వెయ్యేళ్ళ లెక్క దాని కింద దాచేస్తారు. వారం రోజులు ఆ కాగితాన్ని సర్వీసు రిజిస్టరు నకలు మధ్యలో పెట్టి ఉంచాను.

ఆ వారం నన్ను నేను అడుక్కున్న ప్రశ్నలే మీ ముందు పెడుతున్నా.

తాత పాపం మనవడికి వస్తుందా? రాదు. వస్తుందంటే అది పాత కర్మ సిద్ధాంతమే. పూర్వజన్మలో పాపం చేశారు కాబట్టి ఇప్పుడు వెట్టి చేస్తున్నారని మా పెంటడికి చెప్పింది అదే గదా. పుట్టుకతో ఎవడూ పాపి కాడు. ఇందులో నాకు అనుమానం లేదు.

అట్లయితే ఆ కాగితాన్ని మడిచి పెట్టేయొచ్చా? ఇక్కడ నాకు ఇంకొకరి గొంతు వినబడింది. రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడల్లా స్టాఫ్ రూములో వినే గొంతే. 'మా తాతలు ఏదో చేశారని మమ్మల్నెందుకు అంటారు?' దానికి నేను ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది. 'మీ తాత పాపం మేమడగడం లేదు సార్. ఆ తాత మీకిచ్చిన పొలం, బడి, ఇల్లు, పలుకుబడి, వాటి లెక్క అడుగుతున్నాం.' పాపం తరాలు దాటి రాదు. లాభం వస్తుంది. లాభం ఎవరింటికి చేరిందో లెక్క కూడా ఆ ఇంటికే పోవాలి. ఈ మాట వాళ్ళకు చెల్లితే నాకూ చెల్లాలి. నాకు చెల్లదనుకుంటే రేపటి నుంచి స్టాఫ్ రూములో నోరు మూసుకోవాలి.

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఎనిమిది వందల కోసం అన్నను లేడన్న మా తాత, ఊళ్ళకు ఊళ్ళను రాయించుకున్నవాళ్ళు ఒకటి కాదు. ఆ ఎనిమిది వందలు ఇచ్చినవాడికి మా పెద తాత ఉన్నాడని తెలుసు. రాసిన దస్తూరీకీ, సాక్షులకూ తెలుసు. ఒక మాదిగోడు ఉన్నాడో లేడో రాయడం వాళ్ళకు అంత తేలిక. బిడ్డను బడికి పంపాలంటే అన్నను చెరపాల్సిన గతి మా తాతకు పట్టించింది ఎవరన్నది వేరే లెక్క. ఆ లెక్క నేను వదల్లేదు. కొలిచేది పెద్ద చేనైనా చిన్న చేనైనా గొలుసు ఒకటే ఉండాలని మాత్రమే అంటున్నా.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పెదనాయన ఇంటికి పోయాను. నకలు తీసి చదివి వినిపించాను. ఆయన దగ్గు ఆపుకుని అంతా విన్నాడు.

"ఆ సంగతి నాకు ఎరికే అబ్బయ్యా" అన్నాడు.

నాకు మాట రాలేదు.

"సాగర్ నుంచి వొచ్చినాక మా నాయన మీ తాతతో పన్నెండేళ్ళు మాట్లాడలా. మీ తాత పోయినప్పుడు మటుకు గుంటలో మొదటి మట్టి మా నాయనే ఏశాడు. పిల్లోళ్ళకు చెప్పబాకండి అన్నాడు. మేం చెప్పలా."

నేను రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకున్నది నాలుగిళ్ళ అవతల ఎప్పటినుంచో ఉంది. మర్చిపోయింది మా ఇల్లు. గుర్తుపెట్టుకుంది వాళ్ళ ఇల్లు. ఎవరికి కలిసొచ్చిందో వాళ్ళు మర్చిపోతారు. ఊరు మమ్మల్ని ఏం చేసిందో ఊరికి ఎందుకు గుర్తుండదని చిన్నప్పటి నుంచి ఆశ్చర్యపోయేవాణ్ణి. దానికి జవాబు నా ఇంట్లోనే దొరికింది.

పెదనాయన మనవరాలు ఇంటరు పాసయింది. నర్సింగు చదవాలని ఉంది, ఫీజు దగ్గర ఆగింది. నేను కడతానన్నాను. పెదనాయన చాలాసేపు మాట్లాడలేదు. "సాయమంటే వొద్దురా. ఈ ఊళ్ళో సాయాలు శానా జూశాం. బాకీ అంటే తీసుకుంటా" అన్నాడు.

బాకీయే అన్నాను.

ఇప్పుడు నా మొదటి సందేహానికి వస్తాను. పెద్దల్ని వెతకాలా వద్దా? గొప్ప చెప్పుకోవడానికైతే వద్దు. ఏడు తరాల చెట్టు గోడకు తగిలించుకోవడానికైతే అసలే వద్దు. అది వాళ్ళ ఆట, అందులో మేం గెలిచినా ఓడినట్టే. ఎవరి చెమట ఎవరింట్లో గోడ అయిందో, ఎవరి పేరు ఎవరి కోసం చెరిగిందో తేల్చుకోవడానికైతే వెతకాలి. ముందు ఆఫీసుకు కాదు, పక్కింటికి పోవాలి.

ఆ పిల్ల ఇప్పుడు ఐదో తరగతి. ఆలస్యంగానైనా జవాబు చెప్పాను. "పైన ఉన్నారమ్మా. రాసేవాళ్ళు రాయలేదు. పేరు తెలియని చోట చుక్క పెట్టు, ఖాళీగా వదలబాకు. మీ జేజిని అడిగి ఒక్కో చుక్క తీసేసి పేరు రాయి. ఆడవాళ్ళ పేర్లు ముందడుగు." వారం తర్వాత ఆ పిల్ల తన ముత్తవ్వ పేరు రాసుకొచ్చి చూపించింది. మా వంశంలో పెంటడి భార్య ఇంకా చుక్కగానే ఉంది.

జూన్‌లో మొదటి ఏడాది ఫీజు కట్టాను. ఆ రోజు ఒక కాగితం కూడా రాశాను. పెదనాయన వద్దన్నాడు గానీ, కాగితంతో చేసిన తప్పును కాగితం మీదే దిద్దాలనిపించింది. ఎకరా ఇరవై సెంట్లు, ఎనిమిది వందలు, బోర్డింగు, నా డిగ్రీ, అన్నీ అందులో రాశాను. ఇద్దరం సంతకాలు చేశాం. పెదనాయనకు సంతకం వచ్చు, కూడబలుక్కుని పెట్టాడు. మొదటి వాక్యం ఇది: 'మా తాతకు ఒక అన్న ఉన్నాడు.'